చిన్న గదిలో రాక్ షో: హోరు తగ్గకుండా గొంతు వినపడాలంటే

చిన్న గదిలో డ్రమ్స్‌ని తగ్గించలేం, కాబట్టి మిగతా వాల్యూమ్ అంతా వాటినిబట్టే పెట్టుకోవాలి. డ్రమ్మర్‌ని షోలో ఎంత గట్టిగా వాయిస్తారో అంతే గట్టిగా వాయించమనండి. తర్వాత బేస్, ఆపైన గిటార్, చివర్లో గొంతు. గిటార్ ఆంప్ (శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) నేలమీద ఉంటే శబ్దం మోకాళ్లకు కొట్టుకుంటుంది. గిటారిస్టు తనకు వినపడక ఇంకా పెంచుతాడు, గొంతు మునిగిపోతుంది. ఆంప్‌ని గట్టి కుర్చీ ఎక్కించండి, లేదా వెనక్కి వాల్చి చెవివైపు తిప్పండి. గెయిన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసే నాబ్) కూడా రిహార్సల్‌లో కంటే కాస్త తగ్గించండి, ఎక్కువైతే రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ బిట్) ముద్దయిపోతుంది. మిడ్స్ (మధ్యస్థాయి ఫ్రీక్వెన్సీలు) మాత్రం కోసేయొద్దు, గిటార్ వినపడేది వాటివల్లే.

అసలు తంటా ఫీడ్‌బ్యాక్‌తోనే, అంటే స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి దూరి వచ్చే కూతతో. కార్డియాయిడ్ మైక్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) అయితే మానిటర్ (పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే స్పీకర్) సరిగ్గా దాని వెనక ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్‌కి (ఇంకా ఇరుకుగా పట్టే మైక్) కాస్త పక్కకు, మైక్ ముందువైపు నుంచి సుమారు 125 డిగ్రీల కోణంలో పెట్టాలి. మైక్ తలను గుప్పిట్లో మూస్తే వెనకవైపు శబ్దం కూడా లోపలికొచ్చి కూత మొదలవుతుంది. పిడి పట్టుకుని, పెదవులు దాదాపు గ్రిల్‌కి ఆనేంత దగ్గరగా పాడాలి.

25 నిమిషాల సెట్‌కి ఏడెనిమిది పాటలు చాలు. రెండు మూడు పాటలు ఆగకుండా కలిపేయండి, ట్యూనింగ్ ఆ తర్వాతే, శబ్దం కట్‌చేసే పెడల్ ట్యూనర్‌తో. ఇయర్‌ప్లగ్స్ అందరికీ ఉండాల్సిందే, రిహార్సల్‌లో కూడా.