క్రిస్మస్ రాత్రి పిల్లలకు రక్షకుడి పుట్టుక గురించి ఎలా చెప్పాలి?

కేకు, స్టార్ లైట్లు కాసేపు పక్కన పెట్టి బైబిల్లో లూకా సువార్త 2వ అధ్యాయం తెరవండి, మొదటి 20 వచనాలు చాలు, కానీ మీరే గబగబా చదివేయకుండా పిల్లలతో తలా ఒక వచనం చదివించండి. ‘పొత్తిగుడ్డలు’ దగ్గర తప్పకుండా ఆగుతారు. అప్పుడు ఇంట్లో ఉన్న పాత నూలు చీర ముక్క ఒకటి చేతికివ్వండి, పసిబిడ్డను చుట్టే గుడ్డ ఎలా ఉంటుందో వాళ్లకే తెలుస్తుంది. ఊళ్లో గేదెల తొట్టి చూసిన పిల్లలకైతే దేవుని కుమారుడైన యేసుని ఎక్కడ పడుకోబెట్టారో వేరే చెప్పక్కర్లేదు, ఆ కుడితి వాసన గుర్తు చేస్తే చాలు.

రక్షకుడు మీ కొరకు పుట్టాడని దూత చెప్పే 11వ వచనం దగ్గర మాత్రం తొందరపడకండి. అసలు విషయమంతా అక్కడే ఉంది. దూత ఆ వార్త చెప్పింది రాజుకీ యాజకులకీ కాదు, రాత్రంతా మంద కాస్తున్న గొర్రెల కాపరులకి. ‘మీ కొరకు’ అన్న మాట మీద వేలు పెట్టించి, ఎవరి కొరకు అని అడగండి. దేని నుంచి రక్షణ అంటే మత్తయి 1:21 చూపించండి: పాపాల నుంచి. సిలువ దారి ఆ తొట్టి దగ్గరే మొదలైందని చెప్పకపోతే, పిల్లలకు క్రిస్మస్ ఒక పుట్టినరోజు పార్టీలాగే మిగిలిపోతుంది.

తూర్పు నుంచి కానుకలతో యేసుని చూడటానికి వచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా రాయలేదు, మూడు అన్నది కానుకల లెక్క. అడిగితేనే చెప్పండి.

పోయినేడు సత్రంలో చోటు లేదని చదవగానే మా పాప లేచి వెళ్లి, తన దుప్పటి తెచ్చి మేం క్రిస్మస్‌కి అలంకరించిన బొమ్మల పశువుల పాకలోని బాలయేసుకి కప్పింది.