క్లెయిములో శాతం కనిపిస్తే అబ్వియస్ వాదాన్ని పరిశీలించే పద్ధతి

పైపులోంచి విద్యుత్ తీగను లాగేముందు ఎలక్ట్రీషియన్లు పైన జెల్ పూస్తుంటారు. సౌత్‌వైర్ కంపెనీ తన అమెరికన్ పేటెంట్ 7,557,301లో, ఎంపిక చేసిన లూబ్రికెంట్‌ను తయారీలోనే తొడుగు ప్లాస్టిక్‌లో కలిపితే అది ఉపరితలానికి చేరి, లాగడానికి పట్టే బలాన్ని కనీసం సుమారు 30 శాతం తగ్గిస్తుందని క్లెయిము (పేటెంటు హక్కు కోరే అంశం) చేసింది. సెర్రో వైర్ కోరిన పునఃపరీక్షలో పేటెంట్ బోర్డు అది అబ్వియస్ (ఆ రంగంలోని సాధారణ నిపుణుడికి పాతవాటిని బట్టి తేలిగ్గా తట్టేది, అందువల్ల పేటెంటుకు తగనిది) అని తేల్చగా, 2017 సెప్టెంబరులో అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ నిర్ణయాన్నే నిలబెట్టింది.

ఇలాంటి క్లెయిము చేతికొచ్చినప్పుడు ముందుగా చేసే పనులను, వాటివల్ల వచ్చే ఫలితాన్ని విడివిడిగా రాసుకోవాలి. కలపడం, తొడుగు వేయడం పనులు. 30 శాతం ఫలితం. తరువాత ప్రతి పనీ పాత పత్రాల్లో, అంటే అంతకుముందే వెలువడిన పేటెంట్లు, ప్రచురణల్లో, ఏ పేరాలో ఉందో, వాటిని జోడించడానికి ఆ రంగంలోని సాధారణ నిపుణుడికి కారణమేమిటో వెతకాలి. 2007లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన కేఎస్ఆర్ తీర్పు తరువాత ఆ కారణం పత్రంలో అక్షరాలా రాసి ఉండాలన్న పట్టు సడలింది కాబట్టి ఈ భాగం సాధారణంగా తొందరగానే తెములుతుంది.

అసలు చిక్కు శాతం దగ్గరే. సమ్మర్స్ అనే పాత పత్రంలో ఆ అంకె లేకపోయినా, ఫలితం అందులో అంతర్లీనంగా ఉందని బోర్డు చెప్పింది. అలా అనాలంటే ఆ ఫలితం తప్పనిసరిగా వచ్చి తీరాలి, రావచ్చు అంటే చాలదు. బోర్డు అలా తేల్చలేదు కాబట్టి కోర్టు ఆ తర్కాన్ని తప్పుబట్టింది. అయినా సౌత్‌వైర్ గట్టెక్కలేదు, ఎందుకంటే పాత పద్ధతికీ తన పద్ధతికీ తేడా ఉందని గాని, 30 శాతం తగ్గుదల ఊహించనిదని గాని, పాత పద్ధతితో సాధ్యం కానిదని గాని చూపే ఆధారం అది ఇవ్వలేదు. పాత పనులనే చేస్తూ వాటి ఫలితాన్ని కొలిచి అంకెగా రాసినంత మాత్రాన కొత్తదనం రాదన్న ఈ వైఖరి నాకు న్యాయంగానే తోస్తుంది.

కాబట్టి పేటెంటుదారు పక్షాన ఉన్నవారు ఒకే మందం తీగను, ఒకే పైపులో, అవే వంపుల మీదుగా, ఒకే వేగంతో లాగి, పాత మిశ్రమానికీ కొత్తదానికీ పట్టిన బలాన్ని పక్కపక్కన కొలిపించి, నిపుణుడి అఫిడవిట్‌తో దాఖలు చేయాలి. ప్రతిపక్షం వారు అంతర్లీనత ఒక్కదాన్నే నమ్ముకోకుండా, పాత పత్రంలోని ఉదాహరణను ఉన్నది ఉన్నట్లుగా తయారుచేయించి అదే పరీక్ష పెట్టించాలి.