పాట వినడం నేర్చుకుందాం – 5వ పాఠం: ఒకే పాట, మూడు గొంతులు

పోయిన పాఠంలో ఒక పాటలోని వాయిద్యాలను విడదీసి వినడం సాధన చేశాం. బేస్ గిటార్ ఇంకా చెవికి అందని వాళ్లు టెన్షన్ పడకండి, అది చాలామందికి ఆలస్యంగానే దొరుకుతుంది. ఈసారి గాయకుల దగ్గరికి వద్దాం. ఒకే పాటను ముగ్గురు పాడితే "ఎవరు బాగా పాడారు?" అనే మాట వెంటనే నోటికొస్తుంది. ఈ పాఠం అయ్యేదాకా ఆ ప్రశ్నను పక్కన పెట్టండి. దాని బదులు మూడు అడుగుదాం: ఏం తీసేశారు? ఏం చేర్చారు? ఎక్కడ ఆగారు?

మనం తీసుకునే పాట 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. చాలామందిలాగే నేనూ దీన్ని అమెరికా పాప్ గాయని విట్నీ హ్యూస్టన్ పాటే అనుకుంటూ పెరిగాను. అది అమెరికా కంట్రీ పాట (అక్కడి పల్లె జానపదాల నుంచి పెరిగిన సంగీతం) అనీ, రాసి పాడింది డాలీ పార్టన్ అనీ తెలిసేసరికి నా దగ్గరున్న క్యాసెట్ అరిగిపోయింది కూడా.

ముందు కాస్త కథ తెలియాలి, లేకపోతే వినడానికి పట్టు దొరకదు. డాలీ 1967లో పోర్టర్ వాగనర్ టీవీ షోలో చేరింది. ఆయన అప్పటికే పేరున్న గాయకుడు, ఈమెను జనానికి పరిచయం చేసినవాడు. కొన్నేళ్లకు తన దారి తాను చూసుకోవాలనుకుంది. ఆయన ఒప్పుకోడు. ఎంత వాదించినా తెగకపోవడంతో 1973లో ఈ పాట రాసి ఆయనకు వినిపించింది. అంటే ఇది ప్రేయసి పాట కాదు. పని నేర్పిన మనిషి దగ్గర సెలవు తీసుకునే పాట. మన అప్పగింతల పాటల్లో ఉండేవాళ్లు వెళ్లేవాళ్లను దీవిస్తారు. ఇక్కడ వెళ్లే మనిషే ఉండిపోయే మనిషిని దీవిస్తుంది. (దీన్ని పెళ్లి రిసెప్షన్లలో వేసేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలో!)

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డాలీ 1974 రికార్డు వినండి. మూడు నిమిషాలు కూడా ఉండదు. మొదటిసారి ఆపకుండా వినండి, ఏమీ రాసుకోవద్దు. రెండోసారి మూడో చరణం దగ్గర చెవి పెట్టండి. నీకు జీవితం మంచిగా గడవాలి, నువ్వు కోరుకున్నవన్నీ దక్కాలి అనే దీవెన అక్కడుంది. ఆ చరణాన్ని ఆమె పాడదు, మాటల్లో చెబుతుంది. పాట మధ్యలో ఇలా మాట్లాడటం కంట్రీ సంగీతంలో పాత అలవాటే. కానీ ఇక్కడ ఎందుకు పనిచేసిందో చూడండి. ఎదుటి మనిషి అదే గదిలో కూర్చుని ఉంటే, చివరి మాట రాగం తీసి చెప్పం కదా. ఈ పాట ఆ ఏడాది కంట్రీ చార్టులో, అంటే జనాదరణ పట్టికలో, మొదటి స్థానానికి వెళ్లింది.

నోట్‌బుక్‌లో రాసుకోండి: "డాలీ – మూడో చరణం మాట్లాడింది. ఎదురుగా ఒక్క మనిషి."

రెండో గొంతు అమెరికా గాయని లిండా రాన్‌స్టాట్, 1975. దీని మీద ఎక్కువసేపు ఆగం, ఒక్కటే గమనించండి: మూడో చరణం లేదు. దీవెన పోయింది, వీడ్కోలు మిగిలింది. మొదటి ప్రశ్నకు ఇంతకంటే తేలికైన జవాబు ఎక్కడా దొరకదు.

విట్నీ నటించిన 'ది బాడీగార్డ్' సినిమా కోసం ఈ పాటను సూచించిన ఆ సినిమా హీరో కెవిన్ కాస్ట్నర్ తెచ్చింది ఈ లిండా రికార్డే. పాట రికార్డింగ్ నిర్మాత డేవిడ్ ఫాస్టర్ దాన్నిబట్టే పని మొదలుపెట్టాడు. పాటలో ఇంకో చరణం ఉందని డాలీ చెప్పాకే అది విట్నీ పాటలోకి వచ్చింది. అందుకే చెప్తున్నా, కవర్ పాట (ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ పాడింది) వినేటప్పుడు ఆ గాయకులు నేర్చుకున్నది అసలు రికార్డు నుంచా, మధ్యలో ఇంకెవరి నుంచైనానా అని కూడా ఆరా తీయండి.

ఇక విట్నీ, 1992. నాలుగున్నర నిమిషాలు. మొదటి చరణం పూర్తయి పల్లవిలోకి వచ్చేదాకా ఒక్క వాయిద్యం వినబడదు. పాట ఊపిరి మీదే నిలబడింది. ఆమె గాలి తీసుకున్న ప్రతి చోటా నోట్‌బుక్‌లో ఒక చుక్క పెట్టండి. నాకు మూడుసార్లు వింటేగానీ లెక్క కుదరలేదు.

తర్వాత పల్లవిలోని 'ఐ' అనే ఒక్క అక్షరం పట్టుకోండి. డాలీ దాన్ని దాదాపు తిన్నగా, కొద్దిపాటి వణుకుతో పాడుతుంది. విట్నీ అదే అక్షరం మీద గొంతును మెలికలు తిప్పుతూ ఎన్నో స్వరాలు తాకుతుంది. మనవాళ్లు బిర్కా (స్వరాలను వేగంగా దొర్లించే గమకం) అనేదానికి దగ్గరి చుట్టం అనుకోండి, విట్నీ పద్ధతి పుట్టుక మాత్రం అమెరికా నల్లజాతి చర్చిల గాస్పెల్ అనే భక్తి పాటలో ఉంది.

శాక్సోఫోన్ వాయింపు అయ్యాక మూడో చరణం వస్తుంది. విట్నీ దాన్ని మాట్లాడదు, పాడుతుంది. చరణం చివర అంతా ఆగిపోతుంది. ఒక్క డ్రమ్ము దెబ్బ. వెంటనే శ్రుతి మారిపోతుంది. మన లెక్కలో చెప్పాలంటే ఆరో శ్రుతి నుంచి ఏడో శ్రుతికి. హార్మోనియం ఉంటే ఆ రెండు మెట్లూ నొక్కి చూడండి. డాలీ పాటలో ఈ ఎగువ మెట్టు లేదు. గదిలో ఉన్న ఒక్క మనిషికి చెప్పే మాటకు అంత ఎత్తు అక్కర్లేదు. సినిమా హాలు చివరి వరుసదాకా చేరాలంటే కావాలి. అమెరికా ప్రధాన చార్టులో ఇది 14 వారాలు మొదటి స్థానంలో ఉంది.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: డాలీ ఇదే పాటను 1982లో మరో సినిమా కోసం మళ్లీ రికార్డు చేసింది, 1995లో కంట్రీ గాయకుడు విన్స్ గిల్‌తో కలిసి పాడింది. రెండూ వినండి. యుగళగీతంలో ముఖ్యంగా ఒకటి రాసుకురండి: వెళ్లిపోయేది ఎవరు, ఉండిపోయేది ఎవరు? నేను ఇప్పటికి రెండుసార్లు జవాబు మార్చుకున్నాను.