కొత్త ఆఫ్‌రోడ్ బండి ఆర్డర్ ఇచ్చే ముందు ఒకసారి బండి కిందికి వంగి చూడండి

నా మొదటి ఫోర్ బై ఫోర్‌కి 20 అంగుళాల రిమ్‌లు ఎంచుకున్నాను. షోరూమ్ లైట్ల కింద అవి మెరుస్తుంటే చూపు తిప్పుకోలేకపోయాను. అదే ఫారంలో కాస్త కింద ‘వెనక డిఫరెన్షియల్ లాక్’ అని ఒక గడి ఉంది. దానికి టిక్ పెట్టలేదు. ‘ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా సార్, అది మీకు అక్కర్లేదు’ అన్నాడు అమ్మే అబ్బాయి.

ఏడు నెలల తర్వాత ఒక రాళ్ల వాగు దాటుతున్నాం. ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం ఒకేసారి గాల్లోకి లేచాయి. లేచిన రెండూ గిర్రున తిరుగుతున్నాయి, నేల మీదున్న రెండూ మెదలడం లేదు. యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కితే బండి ఒక కుదుపుతో పక్కకి జారి, వెనక టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్, రాయి అంచుకి గీసుకుపోయింది. బొటనవేలు దూరేంత చీలిక. స్టెప్నీ లేదు, దాని బదులు పంక్చర్ కిట్ ఇచ్చారు. అందులోని తెల్లటి ద్రవం ఎక్కిస్తుంటే, ఎక్కించినంత ఆ చీలికలోంచి పాలు కారినట్టు కారిపోయింది. మా బావమరిది టార్చి పట్టుకుని, ‘బావా, ఇది జిగురుతో ఆగే దెబ్బ కాదు, వదిలెయ్’ అన్నాడు. ఆ రాత్రి పిల్లలతో సహా బండిలోనే పడుకున్నాం.

రెండో బండికి ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆ రాత్రిని మనసులో పెట్టుకుని కూర్చున్నాను. స్పానర్ పట్టుకుని ఇంటి ముందు బిగించుకోగలిగినవన్నీ తర్వాత కొనుక్కోవచ్చు. గేర్ల లోపల, యాక్సిల్ లోపల, వైరింగ్‌లో ఉండేవి మాత్రం కంపెనీ ఫిట్టింగ్‌గానే రావాలి. చేతిలో ఉన్న డబ్బు ముందు వాటికే పోవాలి.

డిఫరెన్షియల్ లాక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇరుసు మధ్యలో ఉండి ఎడమ, కుడి చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లో ఉంటే శక్తి అటే పోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ చేసేదేమిటంటే, వట్టిగా తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి శక్తి మళ్లించడం. మంచి పనే, కానీ మొదట ఏదో ఒక చక్రం జారాలి, అప్పుడే దానికి తెలుస్తుంది. రాళ్ల మీద ఆ అర సెకను జారుడే టైరుని కోస్తుంది. ఎక్కువసేపు పని చేయిస్తే బ్రేకులు వేడెక్కుతాయి కూడా. లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒకే ఇరుసులా కలిసి తిరుగుతాయి, జారే దాకా ఆగక్కర్లేదు. ముందు చక్రాల లాక్, వెనక చక్రాల లాక్ రెండింటిలో ఒకటే కుదిరితే వెనకది తీసుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కే పడుతుంది. పైగా ముందు చక్రాల లాక్ వేసినప్పుడు స్టీరింగ్ బిగుసుకుపోతుంది. తర్వాత బయట వేయించుకుందాంలే అనుకుంటే యాక్సిల్ విప్పాలి, కంప్రెసరో వైరింగో లాగాలి, కంపెనీ వారంటీతో వాదన పెట్టుకోవాలి.

దీని తర్వాత లో రేంజ్, అంటే బండిని బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపించే అదనపు గేరు. బ్రోషర్‌లో ‘లో రేంజ్ ఉంది’ అంటే సరిపోదు, ఎంత అని అడగండి. మొదటి గేరు నిష్పత్తి, లో రేంజ్ నిష్పత్తి, యాక్సిల్ నిష్పత్తి మూడింటినీ గుణిస్తే వచ్చేది క్రాల్ రేషియో. జేఎల్ తరం జీప్ రాంగ్లర్ రూబికాన్ ఆటోమేటిక్‌లో అది 4.71 × 4 × 4.10, అంటే సుమారు 77. అదే రాంగ్లర్‌లో 2.72 లో రేంజ్, 3.45 యాక్సిల్ ఉన్న బండికి 44. కాగితం మీద అంకెలే, కాలి కింద మాత్రం చాలా తేడా. ఇంజన్ నిమిషానికి వెయ్యిసార్లు తిరుగుతుంటే మొదటిది గంటకి 2 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది, రెండోది మూడున్నర దాకా పోతుంది. రాళ్ల మెట్లు దిగేటప్పుడు ఆ కిలోమీటరున్నర తేడా వల్లే కాలు బ్రేకు మీద ఉంచాలా, తీసేసి స్టీరింగ్ మీద మనసు పెట్టొచ్చా అన్నది తేలుతుంది. మీరు తిరిగేది ఎక్కువగా ఇసుకలో, బురద బాటల్లో అయితే ఇంత లోతైన గేరు అవసరం పడదు. ఇసుకలో కావలసింది ఊపు.

పెద్ద టైర్లు వేసే ఆలోచన ఉంటే యాక్సిల్ నిష్పత్తి ఇప్పుడే చూసుకోండి. టైరు పెరిగేకొద్దీ గేరింగ్ పలచబడి బండి మొద్దుబారుతుంది. ఫోర్డ్ బ్రాంకోకి సాస్క్వాచ్ ప్యాకేజీ తీసుకుంటే 35 అంగుళాల టైర్లతో పాటు 4.7 యాక్సిల్, ముందూ వెనకా లాకులు కలిపి ఇచ్చేది అందుకే. ఇలాంటి ప్యాకేజీ కింది వేరియంట్‌కీ దొరుకుతుంటే, టాప్ ఎండ్ తీసుకోకుండా కింది వేరియంట్ మీద ఇది వేయించుకోమనే చెబుతాను. తోలు సీట్లు బండిని వాగు దాటించవు.

ఇక రిమ్‌లు. 255/75 ఆర్ 17 టైరు, 255/60 ఆర్ 20 టైరు పక్కపక్కన నిలబెడితే ఎత్తు సమానం, రెండూ 814 మిల్లీమీటర్లే. కానీ మొదటిదాని సైడ్‌వాల్ 191 మిల్లీమీటర్లు, రెండోదానిది 153. రాయికీ రిమ్‌కీ మధ్య ఉండే మెత్తదనం అదే. ఇసుకలో దిగబడినప్పుడు గాలి 35 పీఎస్ఐ నుంచి 18కి దించితే టైరు పొడవుగా పరుచుకుని బండి తేలుతుంది. పొట్టి సైడ్‌వాల్‌తో అంత ధైర్యంగా గాలి తీయలేం. రిమ్‌లు బోల్టులతో బిగించేవే కదా, తర్వాత మార్చుకోవచ్చు అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త. పెద్ద ఇంజన్ వేరియంట్లకి బ్రేకు డిస్కులు పెద్దవి వస్తే 17 అంగుళాల రిమ్ వాటి మీద పట్టదు. ‘ఈ వేరియంట్‌కి పట్టే అన్నిటికన్నా చిన్న రిమ్ ఏది?’ అని అడిగి, దాన్నే ఆర్డర్‌లో రాయించండి.

స్టెప్నీ పూర్తి సైజుది ఉండాలి, మిగతా నాలుగింటిలాంటి టైరే ఉండాలి. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే బండిలో ఒక టైరు వ్యాసం తేడాగా ఉంటే ముందు, వెనక ఇరుసుల మధ్య ఉండే డిఫరెన్షియల్ అదే పనిగా నలుగుతుంది. పంక్చర్ కిట్‌తో సరిపెడతామంటే నేను ఆర్డర్ కాగితం వెనక్కి ఇచ్చేస్తాను.

బరువు లెక్క ఇంట్లో కూర్చుని వేయండి. మొత్తం అనుమతించిన బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయగలిగింది. అది 600 కిలోలు అనుకుందాం. ఐదుగురు మనుషులు 375. స్టీలు బంపర్, తాడు చుట్టి బండిని లాగే వించ్ కలిపి 90. పైన ర్యాక్ 30, దాని మీద టెంట్ 60, నీళ్లు 40 లీటర్లు. 595 అయిపోయింది, ఇంకా వంటసామాను ఎక్కలేదు. గాజు సన్‌రూఫ్, మోటారు సీట్లు, మూడో వరస ఇవన్నీ ఈ 600లోంచే తింటాయి. టాప్ మీద మోసే బరువుకి బండి నిలిచున్నప్పుడు ఒక హద్దు, కదులుతున్నప్పుడు అంతకన్నా తక్కువ హద్దు ఉంటాయి. రెండూ అడగండి.

కరెంటు సంగతి చాలామంది మరిచిపోతారు. లైట్లు, కంప్రెసర్, ఫ్రిజ్ తర్వాత పెట్టుకునేవే, వాటికి కావలసిన కరెంటు పుట్టించే పెద్ద ఆల్టర్నేటర్, అదనపు స్విచ్చుల వైరింగ్ మాత్రం కంపెనీ నుంచే రావాలి. డాష్‌బోర్డు విప్పి బయట వైరింగ్ లాగించిన బండికి ఎక్కడో ఒకచోట తీగ రాసుకుని కాలిన వాసన వచ్చేదాకా నిద్రపట్టదు.

లాగే హుక్కులు చూడండి. ఛాసిస్‌కి బిగించి, ఎంత బరువుకో రాసి ఉన్నవి ముందు ఒకటి, వెనక ఒకటి కావాలి. ఓడలో, లారీలో బండిని కట్టడానికి పెట్టే చిన్న కొక్కేలు వేరు, వాటికి తాడు వేసి గుంజకూడదు. ట్రెయిలర్ తగిలించే గుండుకి అసలే వద్దు. అది విరిగితే తుపాకీ గుండులా వస్తుంది, ప్రాణాలు పోతాయి.

ఫుట్‌బోర్డులు వద్దు, రాయి తగిలితే వంగి తలుపుని పట్టేస్తాయి. వాటి బదులు తలుపుల కింది అంచుని రాళ్ల నుంచి కాపాడే గట్టి గొట్టాలు, రాక్ స్లైడర్లు, తర్వాత వేయించుకోండి. నేల మీద కార్పెట్ కన్నా రబ్బరు మేలు. రంగు మీ ఇష్టం, ముదురు రంగు మీద ముళ్లకంపల గీతలు బాగా కనిపిస్తాయని తెలిసి తీసుకోండి. ముందు కెమెరా ఆడంబరం అనుకునేవాణ్ని. మిట్ట ఎక్కాక బోనెట్, ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించని ఆ క్షణంలో దాని విలువ తెలిసింది.

బుకింగ్ కాగితం మీద ప్రతి ఆప్షన్ పేరూ కోడ్‌తో సహా రాయించుకోండి. ఏ తేదీ దాకా మార్పులు ఒప్పుకుంటారో కూడా రాయించండి. నోటి మాటగా ‘అది వస్తుంది సార్’ అన్నది నా మొదటి బండికి రాలేదు.

డెలివరీ రోజు పువ్వులూ ఫోటోలూ కాసేపు ఆగనివ్వండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని పాత బట్టలతో బండి కిందికి దూరండి. హుక్కులు, కింది రేకులు, స్టెప్నీ టైరు సైజు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. తర్వాత దగ్గర్లో మట్టి నేల ఎక్కడుందో అడిగి అక్కడికి తీసుకెళ్లి, లో రేంజ్ వేసి, లాక్ నొక్కి మెల్లగా నాలుగడుగులు నడపండి. డాష్‌బోర్డు మీద గుర్తు కాసేపు మిణుకుమిణుకుమని, లాక్ పడ్డాక నిలకడగా వెలగాలి. అలా వెలగడం మీ కళ్లతో చూశాకే సంతకం పెట్టండి.