హైదరాబాద్‌లో అద్దె కోసం ఫ్లాట్ కొంటున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇవి చూడండి

'అద్దెతోనే ఈఎంఐ గడిచిపోతుంది' అని ఏజెంటు అన్నాడని టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేయకండి. ముందు మీరే లెక్క వేయండి. 80 లక్షల ఫ్లాట్‌కు నెలకు 25 వేల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 3 లక్షలు, అంటే పెట్టినదాని మీద నాలుగు శాతం కూడా కాదు. 60 లక్షలు అప్పు తీసుకుంటే, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు మీద ఈఎంఐ దాదాపు 52 వేలు. తేడా 27 వేలు ప్రతి నెలా మీ జీతంలోంచే పోవాలి. పైగా స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు చేతి డబ్బే. ఇల్లు ఖాళీగా ఉన్నా మెయింటెనెన్స్ ఆగదు. ఆరు నెలలు అద్దె రాకపోతే నెట్టుకురాలేమనిపిస్తే ఇప్పుడు కొనకపోవడమే మంచిది.

లెక్క కుదిరితే అప్పుడు చెరువు సంగతి. ఇది నేను గట్టిగా చెబుతాను. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు ఎఫ్‌టీఎల్. 2012 భవన నిబంధనల ప్రకారం ఆ హద్దు నుంచి పెద్ద చెరువులకు (10 హెక్టార్లు, ఆపైన) 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ జాగా, వదలాలి. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక బిల్డర్ మాట నమ్మి కొన్నవాళ్ల ఇళ్లు కూలడం చూశాం. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులుంటాయి. ఆ చెరువు హద్దుకు తుది నోటిఫికేషన్ ఇచ్చారా, ప్రాథమికమేనా అన్నది కూడా చూడండి. ప్రాథమికమే అయితే హద్దు మారే వీలుంది.

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీశాం కదా అని ధీమాగా ఉండకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. వారసుల తగాదా, కోర్టు కేసు కనపడకపోవచ్చు. లింకు డాక్యుమెంట్లన్నీ (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు) మీరు పెట్టుకున్న లాయరుకే చూపించండి, బిల్డర్ చూపించిన లాయరుకు కాదు. కట్టిన ఇల్లయితే ఓసీ (నివాసానికి అనుమతిస్తూ ఇచ్చే సర్టిఫికెట్) అడగండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ముందుగానే అమ్మే 'ప్రీలాంచ్' ఎంత చవకైనా వద్దు.

ఫ్లాట్‌ను ఒకసారి మే నెలలో, ఒకసారి పెద్ద వాన పడిన మర్నాడు చూడగలిగితే మేలు. ఎండాకాలం రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో వాచ్‌మన్‌ను అడగండి. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోకే వస్తుంది.

ఇక అద్దెకిచ్చేటప్పుడు. అగ్రిమెంటును మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. నోటీసు గడువు, ఏటా పెంపు, రంగుల ఖర్చు ఎవరిదన్నది రాతలో ఉండాలి. కరెంటు మీటరు మీ పేరునే ఉంటుంది. ఎగ్గొట్టిన బిల్లు చివరికి మీ మెడకే చుట్టుకుంటుంది కాబట్టి సర్వీస్ నంబరుతో నెలనెలా చూసుకోండి. తాళాలిచ్చే రోజే గోడలు, కుళాయిలు, మీటరు రీడింగు ఫోటో తీసి కిరాయిదారుకూ పంపండి.

ఓనర్ అమెరికాలోనో మరెక్కడో ఉంటూ ఎన్ఆర్ఐ అయితే, కిరాయిదారు అద్దెలో 30 శాతం, పైన సెస్సు టీడీఎస్‌గా (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. చాలామంది కిరాయిదార్లకు ఇది తెలియదు, ముందే చెప్పండి. కిరాయిదారు ఇచ్చిన అడ్వాన్స్ మాత్రం మీ డబ్బు కాదు. వేరే ఖాతాలో ఉంచి, ఖాళీ చేసిన రోజే లెక్క చూసి ఇచ్చేయండి.