సేవకు పిలుపు ఉందో లేదో తేల్చుకోవాలంటే ఏం చదవాలి, ఎలా చదవాలి

ప్రతి జనవరిలో మా సంఘం యూత్‌లో ఒకరిద్దరైనా నా దగ్గరికొస్తారు, అక్కా నాకు సేవకు, అంటే పూర్తికాలం సంఘం పనికి, దేవుడి పిలుపొచ్చిందనిపిస్తుంది, జాబ్ మానేసి బైబిల్ కాలేజీకి వెళ్లిపోనా అని. జనవరిలోనే ఎందుకంటే డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు, కొత్త ఏడాదికి తలా ఒక బైబిల్ వచనం ఉన్నవి, తీస్తాం కదా, అందులో గట్టి వచనం వస్తే ఇంక నిద్ర పట్టదు. నాకు తెలుసు ఆ నిద్ర పట్టకపోవడం ఏంటో. నాకు ఇరవై రెండేళ్లప్పుడు యెషయా 60:1 వచ్చింది, "లెమ్ము, తేజరిల్లుము" అని, తెల్లారగానే పాస్టర్ గారింటికి వెళ్లి అయ్యగారూ నన్ను దేవుడు పిలిచాడు అని చెప్పేశా. ఆయన సంతోషించారు, టీ ఇప్పించారు, తర్వాత మెల్లగా అడిగారు, "ఆ అధ్యాయం అంతా చదివావామ్మా?" చదవలేదు. "చదువు. అది చదివాక రెండో కొరింథీ మొత్తం చదివి నెల తర్వాత రా" అన్నారు.

ఆ నెల నాకు చాలా నేర్పింది, అందుకే ఇది రాస్తున్నా. నేను పాస్టర్‌ని కాదు, హైస్కూల్ టీచర్‌ని, శనివారం సాయంత్రాలు ఇలా పిలుపు గురించి ఆలోచించే పిల్లలతో కూర్చుని చదువుతాను, చాలా ఏళ్లుగా. కొంతమంది సేవలోకి వెళ్లారు, కొంతమంది వెళ్లలేదు, వెళ్లనివాళ్లు కూడా చదివింది వృథా అయిందని ఎవరూ అనలేదు.

ముందు ఒకటి మానేయాలి. కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టి, ఎక్కడ పడితే అదే నాకు జవాబు అనుకోవడం. కష్టంలో ఉన్నప్పుడు అలా తెరిస్తే ఓదార్పు దొరికిందని చాలామంది చెప్తారు, నేను కాదనను, కానీ జీవితం మొత్తాన్ని మార్చే నిర్ణయం అలా తీసుకోకూడదు. పిలుపు కోసం చదివేటప్పుడు పత్రిక, అంటే బైబిల్‌లోని ఆ ఉత్తరం, మొత్తం ఒకే విడతలో కూర్చుని చదవండి, పైకి చదవండి. ఒకటో తిమోతి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. రెండో కొరింథీకి ముప్పావుగంట పెట్టుకోండి. పాత అనువాదం భాష అర్థం కాకపోతే పక్కన వాడుక భాష అనువాదం పెట్టుకోండి, కానీ పాతదాన్ని వదిలేయొద్దు, ఎందుకో కింద చెప్తాను.

ఒక నోట్‌బుక్ కావాలి, ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఎడమ పేజీలో ఆ భాగంలో ఏముందో మీ మాటల్లో, కుడి పేజీలో చదువుతుంటే మీకు ఏమనిపించింది, భయమా, సంతోషమా, విసుగా, ఎవరు గుర్తొచ్చారు. పైన తేదీ. ఎడమ పేజీ ఖాళీగా ఉండి కుడి పేజీ నిండిపోతుందంటే మీరు వాక్యం చదవట్లేదు, మిమ్మల్ని మీరు చదువుకుంటున్నారు, అక్కడ ఆగి మళ్లీ మొదలుపెట్టండి. నలభై రోజుల దాకా వెనక్కి తిప్పి చూడొద్దు, తర్వాత ఒక్కసారి మొత్తం చదవండి. ఒక్క రాత్రి పొంగిందేదో, రోజూ వెనకాలే వచ్చిందేదో అప్పుడు విడివిడిగా కనిపిస్తాయి.

ఇక ఏం చదవాలి. అందరూ మొదట వెళ్లేది యెషయా 6కే, "చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము". మీటింగుల్లో ఈ మాట దగ్గరే పిలుపు ఇస్తారు, చేతులు లేస్తాయి, కన్నీళ్లొస్తాయి. ఆ మాట 8వ వచనం. మీరు 9 నుంచి 13 వరకు చదవండి. నువ్వు చెప్తావు వాళ్లు వినరు అని దేవుడు ముందే చెప్పేస్తున్నాడు, ప్రవక్త ఎన్నాళ్లు ప్రభువా అని అడిగితే వచ్చిన జవాబు పట్టణాలు పాడైపోయేదాకా అని. ఇది కూడా పిలుపులో భాగమే, పంపుము అన్నవాడికి చేతిలో పెట్టిన పని ఇదే. యిర్మీయా కూడా అంతే. మొదటి అధ్యాయంలో "నేను బాలుడనే" అంటాడు, అది అందరికీ తెలుసు, యూత్ మీటింగ్‌లకు అదే థీమ్ పెడతారు, కానీ అదే రోజు 20వ అధ్యాయం కూడా తెరవండి. అక్కడ దేవుడితోనే గొడవ పడుతున్నాడు, ఇక ఆయన పేరెత్తను అనుకుంటే ఎముకల్లో నిప్పు మూసిపెట్టినట్టుందంటున్నాడు, ఇంకాస్త కిందికి వస్తే తను పుట్టిన రోజునే శపించుకుంటున్నాడు. ఈ రెండు అధ్యాయాలూ ఒకే రోజు చదివినవాళ్లని నేను రెండే అడుగుతాను, ఇంకా వెళ్లాలనిపిస్తుందా, ఏ కారణంతో. నిర్గమకాండం 3, 4లో మోషే చెప్పిన సాకులు కూడా ఒక్కొక్కటిగా నోట్‌బుక్‌లో రాసి, మీవి ఏవో పక్కన రాయండి.

సమూయేలు కథకి, ఒకటో సమూయేలు 1 నుంచి 3 దాకా, మాత్రం వారం ఇవ్వండి. సండే స్కూల్‌లో వింటే పిల్లాడు, దీపం, పిలుపు, అంతే గుర్తుంటుంది. పెద్దయ్యాక చదివితే వేరేవి కనిపిస్తాయి. మూడుసార్లు పిలిచినా సమూయేలుకి అది ఎవరి గొంతో తెలియలేదు, చెప్పింది ఏలీ, కళ్లు మసకబారిన ముసలాయన, సొంత కొడుకుల్ని అదుపులో పెట్టుకోలేకపోయినవాడు. పిలుపు ఒకరికి వచ్చింది, గుర్తుపట్టింది ఇంకొకరు. అందుకే ఒంటరిగా చదివి ఒంటరిగా తేల్చుకోవద్దని ఇంతగా చెప్తాను. మీ గురించి మంచీ చెడూ తెలిసిన ఒక పెద్దమనిషిని పట్టుకోండి, మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లు మాత్రమే సరిపోరు. ఇంకొకటి, సమూయేలుకి వచ్చిన మొదటి సందేశం తనని పెంచిన ఏలీ ఇంటి మీద తీర్పు. తెల్లారేదాకా అలాగే పడుకుని, లేచి మందిరం తలుపులు తీశాడంట, ఏలీకి చెప్పడానికి భయపడ్డాడంట. తలుపులు తీయడం అంటే రోజూ చేసే పనే కదా. అంత మాట విన్నాక కూడా పొద్దున్నే ఆ పని చేశాడు. నాకు ఆ వచనం, 3:15, చాలా ఇష్టం.

పాత అనువాదం ఎందుకన్నానంటే ఒకటో తిమోతి 3:1 చూడండి. "ఎవడైనను అధ్యక్షపదవిని ఆశించినయెడల అట్టివాడు దొడ్డపనిని అపేక్షించుచున్నాడు" అని ఉంటుంది. అధ్యక్షుడంటే ఇక్కడ సంఘాన్ని చూసుకునే కాపరి. పదవి అని మొదలై పని అని ముగిసింది. మనలో ఎంతమందికి స్టేజీ, మైకు, పేరు ముందు రెవరెండ్ కనిపించి పని కనిపించలేదో ఆ ఒక్క వాక్యం పట్టేస్తుంది. దాని కింద 7వ వచనం దాకా ఉన్న లక్షణాలు రాసుకోండి. మితం, అతిథిప్రియం, డబ్బు మీద ఆశ లేకపోవడం, కొట్లాట మనిషి కాకపోవడం, ఇల్లు సరిగ్గా నడపడం, కొత్తగా నమ్మినవాడు కాకపోవడం. వరం అని చెప్పదగ్గది బోధించగలగడం ఒక్కటే, మంచి గొంతు గురించి ఒక్క మాట లేదు. చివర బయటివాళ్ల దగ్గర మంచి సాక్ష్యం ఉండాలన్నాడు పౌలు. అది మీరే టిక్ పెట్టుకునేది కాదు. వీధి చివర కిరాణా కొట్టాయనకి మీరు బాకీ ఉన్నారా, ఆఫీసులో సంతకం పెట్టి మాయమైపోతారా, ఇంట్లో మీ అమ్మతో, భార్యతో ఏ గొంతుతో మాట్లాడతారు, వాళ్లని అడగండి. మా గ్రూప్‌లో ఒకబ్బాయి నిజంగానే వెళ్లి అడిగాడు, మొదట పాత బాకీ తీర్చి మరీ అడిగాడు.

మా నాయనమ్మ బైబిల్ ఉమెన్‌గా, అంటే ఊళ్లలో ఆడవాళ్లకి వాక్యం చెప్పే పని, చేసింది, రేకుపెట్టెలో పుస్తకాలు పెట్టుకుని పల్లెలన్నీ నడిచేది. ఆమె బైబిల్ ఇప్పుడు నా దగ్గరే ఉంది, అట్ట ఊడిపోతే గోనెనారతో కుట్టుకుంది. యెహెజ్కేలు 34 దగ్గర, మందని మేపకుండా తామే మేసిన కాపరుల అధ్యాయం అది, 16వ వచనం పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో పేర్లుంటాయి. తప్పిపోయినదాన్ని వెతుకుతాను, గాయపడినదానికి కట్టు కడతాను అని ఉన్నచోట, ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాళ్ల చిన్నోడు, జ్వరం, అని చిన్న చిన్న అక్షరాలు. ఒక పేజీలో పదకొండు పేర్లు లెక్కపెట్టాను. ఆమె పేరు ఎక్కడా లేదు. అది చూశాక నా నోట్‌బుక్ కుడి పేజీలు తిప్పి చూసుకున్నా, అన్నిట్లో నేనే ఉన్నాను, నేను నిలబడి మాట్లాడుతున్నట్టు, జనం వింటున్నట్టు. పాస్టర్ గారు నన్ను రెండో కొరింథీ ఎందుకు చదవమన్నారో అప్పుడు అర్థమైంది, 11:28లో పౌలు దెబ్బలూ ఓడ ప్రమాదాలూ అన్నీ చెప్పాక, వీటికి తోడు రోజూ సంఘాలన్నిటి చింత నన్ను పట్టుకుని ఉంటుందంటాడు. కాబట్టి యెహెజ్కేలు 34, యోహాను 21, ఒకటో పేతురు 5 వరసగా చదివి, చదువుతున్నప్పుడు గుర్తొచ్చిన మనుషుల పేర్లు రాయండి. పేర్లు వస్తే ఆ వారంలోనే వెళ్లి వాళ్లని చూసి రండి, గవర్నమెంట్ హాస్పిటల్ వార్డు అయినా సరే. చూసొచ్చాక మళ్లీ అదే అధ్యాయం చదవండి, వేరేగా ఉంటుంది.

తర్వాత జీవిత చరిత్రలు. ఇక్కడ ఒక జాగ్రత్త, అద్భుతాల పేజీలు గబగబా చదివేసి మామూలు సంవత్సరాలు దాటేయొద్దు, మామూలు సంవత్సరాల్లోనే పిలుపు ఎలా పండుతుందో తెలుస్తుంది. బిషప్ వి.ఎస్. అజరయ్య గారి జీవితం చదవండి. ఆయన మనవాడు కూడా కాదు, తిరునెల్వేలి దగ్గర 1874లో పుట్టిన తమిళుడు, వైఎంసీఏ సెక్రటరీగా ఊరూరా తిరిగేవారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకోవడంలో ఆయనది పెద్ద చెయ్యి, తెలుగు ప్రాంతం దోర్నకల్‌కి మనుషుల్ని పంపాలని చెప్తూ చెప్తూ చివరికి 1909లో తనే వచ్చేశారు. ముప్పై దాటాక కొత్త భాష, తెలుగు, నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు, 1945 జనవరి 1న చనిపోయేదాకా దోర్నకలే ఆయన ఊరు. ఇతరుల్ని వెళ్లమని చెప్పిన మాట తిరిగి తన మీదికే రావడం, ఆ ఏళ్లు ఎలా గడిచాయో చూడండి. బాప్తిస్మం పొందేవాళ్లతో తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని ఒకటో కొరింథీ 9:16 చెప్పించేవారట. అంటే సాక్ష్యం చెప్పడానికి నమ్మిన ప్రతివాడికీ పిలుపు ఉంది, మీరు తేల్చుకోవాల్సింది దాని మీద ఇంకో ప్రత్యేకమైన బాధ్యత ఉందా అని. సువార్తికుడు బక్త్ సింగ్ గారిది వేరే దారి, సిక్కు కుటుంబం, ఇంజనీరింగ్ చదువు, కెనడాలో కొత్త నిబంధన చదువుతూ నమ్మి 1933లో తిరిగొచ్చి, తర్వాత హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధన కేంద్రం పెట్టారు. ఇద్దరివీ పక్కపక్కన చదివితే ఒకే అచ్చులో పోసిన పిలుపు లేదని తెలుస్తుంది. చెల్లెళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా, సంఘాన్ని బట్టి ఆడవాళ్ల అభిషేకం, అంటే పాస్టర్లుగా నియమించడం, మీద అభిప్రాయాలు వేరుగా ఉంటాయి, కానీ 2013లో నంద్యాల డయోసిస్‌కి ఇ. పుష్పలలిత గారు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో మొదటి మహిళా బిషప్ అయ్యారు, ఆడదానివి నీకెందుకు అని ఎవరైనా అంటే అక్కడితో నోట్‌బుక్ మూసేయకండి.

డబ్బు గురించి చదవకుండా ఎవరూ సేవలోకి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. అపొస్తలుల కార్యములు 20లో పౌలు ఎఫెసు పెద్దలతో చివరిసారి మాట్లాడిన భాగం, 17 నుంచి చివరిదాకా. ఎవరి వెండినీ బంగారాన్నీ ఆశించలేదు, నా చేతులే నాకూ నాతో ఉన్నవాళ్లకీ సంపాదించాయంటాడు, మూడేళ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పానంటాడు. మిమ్మల్నీ మందనీ జాగ్రత్తగా చూసుకోండన్న 28వ వచనం మీదే 1656లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ బాక్స్‌టర్ తోటి పాస్టర్ల కోసం ఒక పుస్తకమే, "ది రిఫార్మ్డ్ పాస్టర్", రాశాడు, ఇంగ్లిష్ కాస్త కష్టం కానీ వచ్చినవాళ్లు చదవండి, కాపరి మొదట తన సంగతి చూసుకోవాలని మొహమాటం లేకుండా చెప్తాడు.

అమ్మ మొక్కుకున్న పిల్లలు కొంతమంది వస్తారు, పుట్టకముందే సేవకిస్తానని మొక్కారంట, ఇప్పుడు ఇష్టం లేదంటే దేవుడికి అబద్ధం చెప్పినట్టవుతుందా అని భయం. వాళ్లకి ఒకటో సమూయేలు 1 నుంచి 3 దాకా మళ్లీ చదవమంటాను. హన్నా మొక్కుకుంది నిజమే, అయినా దేవుడు సమూయేలుని పేరు పెట్టి వేరుగా పిలిచాడు. పాస్టర్ గారి కొడుకులకి ఆమోసు 7:14, నేను ప్రవక్తనీ కాదు ప్రవక్త కొడుకునీ కాదు అన్నవాడిని కూడా దేవుడు పశువుల వెనక నుంచి పట్టుకున్నాడు. నాన్న సంఘం ఉంది కాబట్టి పిలుపు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. నాలుగో శతాబ్దంలో నజియాంజుకు చెందిన గ్రెగొరీని తండ్రి బలవంతంగా అభిషేకం చేయిస్తే ఆయన పారిపోయాడు, కొన్ని నెలలకి తిరిగొచ్చి ఎందుకు పారిపోయాడో, ఎందుకు వచ్చాడో పెద్ద ప్రసంగంగా రాశాడు. పారిపోయినంత మాత్రాన అయిపోలేదని ఈ పిల్లలకి చెప్తుంటాను.

ఆరు నెలలయ్యాక నోట్‌బుక్ తీసుకుని మీ పెద్దమనిషి దగ్గరికీ పాస్టర్ గారి దగ్గరికీ వెళ్లండి, వెళ్లే ముందు అపొస్తలుల కార్యములు 13:1-3 చదవండి. అంతియొకయలో బర్నబా, సౌలుల్ని వేరుపరచమని ఆత్మ చెప్పినప్పుడు అక్కడ ఉపవాసంతో ఆరాధిస్తున్న సంఘపు ప్రవక్తలూ బోధకులూ ఉన్నారు, చేతులుంచి పంపింది వాళ్లు. పైగా 11:26 చూస్తే వాళ్లిద్దరూ అప్పటికే ఏడాదిపాటు అదే సంఘంలో బోధిస్తున్నారు. మీరు కూడా చదువుతున్న ఆరు నెలలూ సండే స్కూలో, గృహ కూడికో, కుర్చీలు సర్దే పనో ఏదో ఒకటి చేస్తూ ఉండండి. బైబిల్ కాలేజీలు చాలావరకు సంఘం సిఫార్సు లెటర్ అడుగుతాయి, హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజ్ లాంటి చోట బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీ చేయాలన్నా, ఊళ్లో ఏడాది ట్రైనింగ్ అయినా. లెటర్ అడిగే రోజు మీ పనేంటో పాస్టర్ గారికి ముందే తెలిసి ఉండాలి.

నాకు వచ్చిన జవాబు స్కూల్లోనే ఉండమని. అది చెప్పింది మా పాస్టర్ గారు, నాతోపాటు నా నోట్‌బుక్ చదివాక, నేను రెండు రోజులు ఏడ్చాను, మూడో శనివారం ముగ్గురు పిల్లలు మా ఇంటికొచ్చారు చదువుకోవడానికి. ఈ శనివారం మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఒకటో సమూయేలు 1 తెరవండి, నోట్‌బుక్ పైన తేదీ వేయండి.