పలుగురాయి సిరలో వేడి నీటి జాడను చదవడం ఎలా?

రాతి పగుళ్లలో కనిపించే ఖనిజ సిరలు చాలావరకు వేడి నీరు పేర్చినవే. చల్లారుతున్న శిలాద్రవం నుంచి విడివడినా, వాన నీరుగా లోతుకు ఇంకినా, ఆ నీరు ఉప్పును, గంధకాన్ని కలుపుకొని లోహాలను కరిగించుకోగలదు. రాగి, సీసం, జింకులను ఎక్కువగా ఉప్పులోని క్లోరైడ్, బంగారాన్ని ఎక్కువగా గంధకం నీటిలో నిలిపి ఉంచుతాయి. అందువల్ల సిరను పరిశీలించేవారు, లోహం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న కంటే ముందు, నీరు దాన్ని ఇక్కడే ఎందుకు వదిలిందో తేల్చుకోవాలి.

సిరకు అడ్డంగా కోసిన ముక్కను తడిపి, పది రెట్లు చూపే లెన్స్‌తో అంచు నుంచి నడిమికి చూడండి. సాధారణంగా పగులు గోడలను అంటుకొని ఉన్నవి ముందు పెరిగినవి, మధ్యలోవి చివరివి. పగులు మళ్లీ మళ్లీ తెరుచుకొని ఉంటే ఈ వరుస చెదురుతుంది కనుక, ఏ పొర దేన్ని కోసుకుంటూ పోయిందో కూడా గుర్తించాలి. దువ్వెన పళ్లలా లోపలికి నిలిచిన స్ఫటికాలుంటే అక్కడ ఒకప్పుడు ఖాళీ జాగా ఉన్నట్టు. పల్చని రేకుల కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) గాని, ఆ రేకుల ఆకారంలోనే దాని చోటును ఆక్రమించిన పలుగురాయి గాని కనిపిస్తే, పైకి వస్తూ ఒత్తిడి తగ్గిన నీరు అక్కడ మరిగిందనడానికి అది గట్టి ఆనవాలు. మరుగుతున్న నీటి నుంచి, గంధకం ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఆవిరితో పోతుంది. దాని ఆసరా తప్పిన బంగారం అక్కడే దిగబడుతుంది.

చల్లటి నీటితో కలయిక కూడా ఇదే పని చేస్తుంది. 1979లో పసిఫిక్ సముద్రపు అడుగునున్న పర్వతశ్రేణి, తూర్పు పసిఫిక్ రైజ్ మీద, సుమారు 350 డిగ్రీల సెల్సియస్ నీరు సముద్రంలో కలుస్తూనే నల్లటి సల్ఫైడ్ పొగగా మారడాన్ని శాస్త్రజ్ఞులు కళ్లారా చూశారు.

తరువాత, సిరను ఆనుకొని ఉండే, చాలామంది పారేసే పక్క రాయిని చూడాలి. నా దృష్టిలో సగం సాక్ష్యం అందులోనే ఉంటుంది. ఇనుము మెండుగా ఉన్న రాతిలో, సిర వెంబడి పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గింజలు దట్టంగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ పలచబడితే, నీటిలోని గంధకాన్ని ఆ ఇనుమే లాక్కొని ఉంటుందని, నీరు మరగకుండానే బంగారం దిగి ఉండవచ్చని భావించాలి.

ఉష్ణోగ్రత మాత్రం లెన్స్‌కు అందదు. స్ఫటికం పెరిగేటప్పుడు చిక్కుకున్న సూక్ష్మ నీటి బిందువులను, పల్చగా చెక్కి మెరుగుపెట్టిన ముక్కలో, సూక్ష్మదర్శిని కింద వేడిచేస్తూ, లోపలి బుడగ మాయమయ్యే డిగ్రీని నమోదు చేయాలి. నీరు మరిగిన చోట అదే అసలు ఉష్ణోగ్రత, మరగని చోట అది కనీస హద్దు. తరువాతి పగుళ్లు మూసుకున్న గీతల వెంట బారులు తీరిన బిందువులను ఈ లెక్కలో కలపకూడదు.